కంచు కాలి చిటికెన వేలు

ఏ నాయకుడని అడగకండి, చెప్పను. ఎందుకు చెప్పనో మీకే తెలుస్తుంది. పుంగనూరులో ఆయన చితాభస్మం ఉంచి కట్టిన సమాధి పక్కన ఆయన కంచు విగ్రహం ఉంది. ముఖం ఆయనదే. పాదాలు మాత్రం మా నాన్నవి.

నవ్వకండి. మదనపల్లెలో మాకు చిల్లర కొట్టు ఉండేది. ఆ విగ్రహం చేసిన శిల్పిది మా వీధే. అతనికి దొరికిన ఫోటోలన్నీ నడుము దాకానే. అందుకని మా నాన్నను ఉత్తకాళ్లతో నిలబెట్టి, ఆ పాదాలనే మట్టిలో దించుకున్నాడు. బియ్యం మూట పడి వంకరపోయిన ఎడమకాలి చిటికెన వేలుతో సహా.

"ఆ ఒంకర యేలు గూడా ఇడిసిపెట్టలేదు సూడు మహానుబావుడు!" అని అమ్మ ఎన్నాళ్లో ఏడిపించింది. నాన్న ఊరుకునేవాడా? వర్ధంతినాడు జనం వరసగా మొక్కుతుంటే నా చెవి దగ్గరకు వంగి, "అందరూ నా కాళ్లకే మొక్కతాండారమ్మా," అని మురిసిపోయేవాడు.

ఇప్పుడు నాన్న లేడు, అమ్మ లేదు, ఆ శిల్పీ లేడు. కుప్పంలో నా ఇంట్లో మా ఆయన కూడా లేడు. నేనేదన్నా అంటే నేనే వినాలి. మరీ దిగులేసినప్పుడు పలమనేరులో బస్సు మారి పుంగనూరు వెళ్తాను. దిమ్మె పొట్టిది, మెట్టు మీద కూర్చుంటే పాదాలు చేతికి అందుతాయి. ఎండకు కంచు వెచ్చగా ఉంటుంది. ఆ వేలు పట్టుకుని కాసేపు కూర్చుని వచ్చేస్తాను.

మొన్న వెళ్తే విగ్రహం చుట్టూ కర్రలు కట్టి ఉన్నాయి. వర్ధంతికి మెరుగు పెడుతున్నారట. పోత పోసినప్పుడు వచ్చిన వంకరలన్నీ సాపు చేస్తారని కాపలా ఆయన చెప్పాడు.

"కాలి యేలు గూడానా?" అన్నాను.

"దాన్ని ముట్టుకోరమ్మా. అది పోతలో తప్పు కాదు. పెద్దాయన్ని జైల్లో బూటుకాలితో తొక్కినారంట, యేలు అట్లే నిలిసిపోయిందంట. ఇస్కూలు పిల్లోళ్లకు గూడా ఇదే సెప్తాండాం. నువ్వూ ఇనుంటావు గదమ్మా?"

ఒళ్లు మండిపోయింది. ఎవరి జైలు, ఎవరి బూటు? అది మా కొట్లో పడిన మూట! ఆ కాలికి పసుపూ సున్నమూ పట్టు వేసింది మా అమ్మ! మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు తట్టింది. నిజం చెబితే అది ఒక కొట్టతని వంకర వేలు, అంతే. మెరుగు పెట్టేవాడు సాయంత్రానికల్లా సాపు చేసేస్తాడు.

"ఇన్నానప్పా," అన్నాను. "జైల్లోనే అంట."

ఆయన తృప్తిగా తలూపి అటు వెళ్లాడు. నేను కర్రల సందులో చెయ్యి దూర్చి నాన్న వేలు పట్టుకున్నాను. ఈ సంగతి వింటే నాన్న పగలబడి నవ్వేవాడు. అవి ఎవరి కాళ్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, ఇక ఆ ఊళ్లో నేను కూడా చెప్పకూడదు.