తాళంచెవి అడగమన్న సారు

మా ఎకనామిక్స్ సారు పోయారు. కల్వకుర్తి బస్సులో ఉండగా నాతో డిగ్రీ చదివినావిడ ఫోన్ చేసి చెప్పింది. "ఎట్ల పోతరే?" అని అందరూ తిరిగి చూసేలా అరిచాను. డెబ్బైకి దగ్గరపడిన మనిషే. అయినా నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

సారు అగ్గిపెట్టె కొన్నా బిల్లు అడిగేవారు. "బిల్లడగనోడు రేపు దవాఖాన గూడ అడగడు" అనేవారు. పిసినారి అనుకుని మేం వెనక బెంచీలో పడీ పడీ నవ్వేవాళ్లం.

ఒకనాడు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వాల రాబడి, ఖర్చు గురించి చెబుతూ పుస్తకం మూసేశారు. "యుద్ధం ఆగింది గని ఇంగ్లండుల పన్నులు మునుపటి లెక్కకు దిగలే. జనం ఏమన్నరు? బాంబులకు కడితిమి గద, ఇగ దవాఖానలకు వెట్టుండ్రి అన్నరు. మీ ఊళ్లె మీరేమడిగిండ్రో రాసుకరాండ్రి" అన్నారు.

మా ఊళ్లో ఆరోగ్య సబ్‌సెంటర్ ఉంది. కట్టిన నాటి నుంచీ తాళమే; లోపల ఒక పెద్దమనిషి ఎరువు బస్తాలు. బల్లా, బీపీ మిషనూ వాటి వెనకే ఉండిపోయాయి. నర్సమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని గోళీలిచ్చి పోయేది. ఇంట్లో మా వదినకు ఎనిమిదో నెల, కాళ్లు వాచాయి. ఇవన్నీ రాసి, చివర్న తెలివిగా ఒక ముక్క చేర్చాను: మేం గొర్లు కాసుకునేవాళ్లం, పన్ను కట్టం, కాబట్టి అడిగే హక్కు లేదు.

సారు మార్కులు వెయ్యలేదు. "మీ అమ్మ సబ్బు కొన్నదా? చెప్పులు కొన్నదా? వాటి ధరల పన్ను లేదా బిడ్డా? పో, తాళంచెవి ఎవలి దగ్గరుందో అడుగు" అన్నారు.

నాకు ధైర్యం చాలలేదు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మే గ్రామసభలో లేచి, "సబ్బుకు పన్ను గడుతున్న. తాళంచెవి ఇయ్యుండ్రి" అంది. జనం గొల్లున నవ్వారు. పెద్దమనిషి మొహం మాడిపోయింది. అమ్మ మాత్రం కూర్చోలేదు. రెండు రోజుల్లో బస్తాలు కదిలాయి.

ఆ వారమే నర్సమ్మ వదినను బల్ల మీద పడుకోబెట్టి బీపీ చూసింది. "అమ్మో, గింత బీపీతోని ఇంట్ల కూసున్నవా!" అని అంబులెన్స్ పిలిచింది. ఇంకొక్క రోజు ఆగితే తల్లీబిడ్డా దక్కేవాళ్లు కాదన్నారు పెద్ద దవాఖాన డాక్టరమ్మ. ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది. సారుకు మేం ఎంత రుణపడ్డామో నాకు చెప్పడం చేతకాదు.

పాపకు టీకా వేయించే రోజు సారు బస్సెక్కి మా సబ్‌సెంటర్‌కు వచ్చారు. అమ్మ ఆయన కాళ్లమీద పడబోయింది. సారు చటుక్కున వెనక్కి జరిగారు.

"నా కాళ్లెందుకు మొక్కుతవ్ అక్కా? గిది నువ్వు గట్టిన దవాఖాన."

అమ్మ చెయ్యి చాపి, సున్నం వేసిన గోడను మెల్లగా తడిమింది. తర్వాత, తెల్లగా సున్నం అంటిన ఆ చేత్తోనే, పాపను అందుకుంది.