హాఫ్ టైంలో ఇంటికెళ్ళిపోయిన మావయ్య

నా చిన్నప్పుడంటే ఎడ్లబండ్ల కాలం అనుకోకండి. అప్పటికే బందరులో కరెంటు స్తంభానికొక ఫ్లెక్సీ వేలాడుతోంది. నాకు తొమ్మిదేళ్ళు. చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల మగపిల్లల ఫుట్‌బాల్ టోర్నమెంటు ఆ ఏడు మా ఊళ్ళో పెట్టారు. ఫైనల్‌కి బందరు జట్టు, గుడివాడ జట్టు మిగిలాయి. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, బందరు జట్టులో ఉన్నాడు. మా ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు. చదువుకునేవాడని ఇంట్లో అనుకునేవాళ్ళం.

ఆ ఫైనల్ మావయ్యకి చాలా అవసరం. గెలిచిన జట్టు సర్టిఫికెట్ చేతిలో ఉంటే వ్యాయామ విద్య కోర్సులో స్పోర్ట్స్ కోటా సీటొస్తుంది. మా తాతయ్యలాగే తనూ డ్రిల్లు మాస్టారవుతాడు. ఇంటిల్లిపాదికీ అదే ఆశ. చిక్కల్లా ఒకటే, మావయ్య ఆట అంతంతమాత్రం.

ఆ చిక్కుని కాలేజీలో ఆటలు చూసే పీడీ గారు తేలిగ్గా విప్పేశారు. మంగినపూడి దగ్గర చేపల వేటకెళ్ళే కుర్రాడొకడు ఇసుకలో బంతాడుతుంటే చూసి, అతన్ని తెచ్చి మావయ్య పేరుతో దింపారు. ఫారం మీద పేరు మావయ్యది, ఫొటో అతనిది. ఆట అతనిది, సర్టిఫికెట్ మావయ్యది. దీనికి మావయ్య సంతోషంగా ఒప్పుకున్నాడు. నోరు మూసుకోవడానికి నేనొక గ్రేప్ జ్యూస్‌కి ఒప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ జ్యూస్ మీదే ఎక్కువ రోత పుడుతుంది. రెండోది కూడా అడగాల్సిందని చాలాకాలం బాధపడ్డానని చెబితే మీకు నా మీద కూడా పుట్టాలి.

చీఫ్ గెస్ట్ ఎంతకీ రాకపోతే ఆట మొదలెట్టేశారు. హాఫ్ టైం లోపలే ఆ కుర్రాడు రెండు గోల్స్ కొట్టాడు. జనమంతా మావయ్య పేరు పెట్టి అరుస్తున్నారు. మావయ్య గీత బయట నీళ్ళ క్యాను పక్కన కూర్చుని సిగ్గుపడుతున్నాడు. తను కొట్టని గోలుకి అంతగా పొంగిపోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

హాఫ్ టైంలో చీఫ్ గెస్ట్ గారు దిగారు. ఆడి అలిసిపోయిన పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి, అలవనివాళ్ళకి శాలువాలు కప్పడం మొదలెట్టారు. మైకు పట్టుకున్నాయన క్రీడాస్ఫూర్తి అనే మాట వాడినప్పుడల్లా నేను క్యాను వైపు చూశాను.

సరిగ్గా అప్పుడే గేట్లోంచి మా తాతయ్య వచ్చాడు. ఫైనల్ రేపని మావయ్య ఫోన్లో అబద్ధం చెప్పాడు. కానీ తాతయ్య పేపర్లో జిల్లా పేజీ అక్షరం వదలకుండా చదివే మనిషి. పొద్దున్నే పెదపారుపూడి నుంచి బస్సెక్కేశాడు. పీడీ గారు స్కూల్లో ఆయన దగ్గరే డ్రిల్లు నేర్చుకున్నారట. గురువుగారిని చూసి మురిసిపోయి, ఆటగాళ్ళ పరిచయానికి చీఫ్ గెస్ట్ పక్కన నిలబెట్టారు. తాతయ్య ఇంటిపేరు మా వైపు వీధికి పదిమందికి ఉంటుంది కాబట్టి, మావయ్య ఆయన కొడుకేమోనని పీడీ గారికి అనుమానం రాలేదు. మావయ్య క్యాను వెనక దాక్కోబోయాడు గానీ క్యాను చిన్నది.

నేను పరిగెత్తి తాతయ్య వేలు పట్టుకున్నాను. మా ఊరి ఆటల ఆచారం ప్రకారం ఒక్కొక్క ఆటగాడూ చెయ్యి కలిపి పేరు చెప్పాలి. ఆ కుర్రాడి వంతొచ్చింది. మావయ్య పేరు ఇంటిపేరుతో సహా తడుముకోకుండా చెప్పాడు. తాతయ్య అతని చెయ్యి వదల్లేదు. క్యాను వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ అతన్ని చూశాడు.

"మీ నాన్నగారేం చేస్తారు బాబూ?"

"డ్రిల్లు మాస్టారు చేసి రిటైరయ్యారండీ. పెదపారుపూడి." మావయ్య అంతా బాగా బట్టీ పట్టించాడు.

"ఒంట్లో బాగుంటుందా ఆయనకి?"

ఇది బట్టీలో లేదు. "బానే ఉంటారండీ," అన్నాడతను.

"లేదయ్యా, ఇప్పుడే బాగాలేకుండా వచ్చింది." తాతయ్య పీడీ గారి వైపు తిరిగాడు. "ఏవయ్యా, వీళ్ళ నాన్నని నేనే. కళ్ళు తిరుగుతున్నాయి. మావాణ్ణి నాతో పంపించు."

 పీడీ గారు, కాదు, వీడు మీ అబ్బాయి కాదు అనాలంటే పక్కనే గుడివాడ జట్టుంది. ఈలోగా చీఫ్ గెస్ట్ గారు, తండ్రికంటే ఆట ఎక్కువా, వెంటనే పంపండన్నారు. మైకాయన ఇద్దరినీ పొగిడాడు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది గుడివాడవాళ్ళు.

అలా మా మావయ్య వాళ్ళ నాన్నతో వెళ్ళిపోయాడు. అసలు మావయ్య అక్కడే కూర్చున్నాడు. అతని బదులు దిగడానికి కూడా లేదు, ఇంటికెళ్ళిపోయాడు కదా.

గేటు దగ్గర ఆ కుర్రాడు బూట్లు విప్పి పక్కన పెట్టేశాడు. అవి కూడా మావయ్యవేనట, వేళ్ళు నొక్కేస్తున్నాయట. తాతయ్య మా ఇద్దరినీ బస్టాండు దగ్గర హోటల్‌కి తీసుకెళ్ళి భోజనం పెట్టించాడు. 

"నీ పేరేంటి బాబూ?" అన్నాడు తాతయ్య.

"ఇందాక చెప్పాను కదండీ."

"అది మావాడిది. నీది చెప్పు."

అతను చెప్పాడు. వారం నుంచీ కాలేజీవాళ్ళతో తిరుగుతున్నాడు, ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి తాతయ్యేనట. తర్వాత తాతయ్య, తను చూడని ఆ రెండు గోల్స్ ఎలా కొట్టాడో అడిగాడు. అతను నీళ్ళ గ్లాసుని గోల్‌కీపర్ని చేసి అప్పడం ముక్కతో చూపించాడు. మ్యాచ్‌లో కంటే అక్కడే బాగా ఆడాడనిపించింది.

బందరు జట్టు మూడు రెండు తేడాతో ఓడిపోయింది. సాయంత్రం మావయ్య మా ఇంటి గుమ్మంలోకొచ్చాడు. తాతయ్య పేపరు దించి, చాలా మర్యాదగా, "ఎవరు కావాలండీ?" అని అడిగాడు.

కన్నకొడుకుని అండీ అనడం నేను వినడం అదే మొదలు. మావయ్య గుమ్మం దాటలేదు, వెనక్కీ వెళ్ళలేదు. "నేను, నాన్నా," అన్నాడు. తాతయ్య చెప్పులు బయట వదిలి రమ్మన్నాడు. అంతే, తిట్లు కూడా లేవు.

రెండో స్థానం సర్టిఫికెట్ మావయ్య పేరుతోనే వచ్చింది. మావయ్యే దాన్ని మంగినపూడి తీసుకెళ్ళి ఆ కుర్రాడికివ్వబోతే, "నా పేరు లేదు కదండీ, నేనేం చేసుకోను," అన్నాడట. మావయ్య దాన్ని అప్లికేషన్‌కి జత చెయ్యలేదు. సీటూ రాలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు నడుపుతున్నాడు, అదీ గుడివాడలో.

నేనిప్పుడు పనిచేసే చోట కూడా ఒకరు చేసిన పనికి ఇంకొకరు శాలువా కప్పించుకుంటారు. అప్పుడల్లా, ఇది చేసిందెవరండీ అని అడుగుతాను. అందుకే నన్ను మీటింగులకి పిలవడం తగ్గించారు. ఆ రెండు గోల్స్ కొట్టినతని పేరు నాకు బాగా గుర్తుంది. ఇక్కడ మాత్రం రాయను. అతన్ని అడగలేదు. అడక్కుండా ఒకరి పేరు వాడుకోవడం మా ఇంట్లో ఆ రోజుతో మానేశాం.