కర్రావు పోయిన వారం రాసిన ఐదు వాక్యాలు

నా చిన్నప్పుడు నాకు ఇంగ్లీషు నేర్పింది బడి కాదు, పక్కింటి టీచరమ్మ. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ఆళ్లగడ్డలో ఐదో తరగతి కాగానే ఆడపిల్లకు ఇక చాలన్నారు మా ఇంట్లో. టీచరమ్మ బడి నుంచి వచ్చాక సాయంత్రాలు తన అరుగు మీద నన్ను కూర్చోబెట్టుకునేది. నంద్యాలకు పోయినప్పుడల్లా అక్కడి గ్రంథాలయం నుంచి నాకో పుస్తకం తెచ్చేది. పెద్దయ్యాక ఆ గ్రంథాలయం బీరువాలు ఒక్కొక్కటే చదివి ముగించాను. ఆ మాట ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. కానీ పదకొండేళ్ల వయసులో ఒక వారం, మూడు రోజుల పాటు, పుస్తకం అన్నది మళ్లీ ముట్టకూడదనుకున్నాను.

ఆ వారం పాఠం, జరిగిపోయినవాటి గురించి. అది అలా కాకుండా మరోలా జరిగి ఉంటే ఏమయ్యేదో ఇంగ్లీషులో చెప్పడం. 'ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్' అని ఆమె మొదలుపెట్టింది. వాన పడి ఉంటే చేను పండి ఉండేది. వాన పడలేదు, చేను పండలేదు, అయినా ఆ పండని పంటను చెప్పుకోవడానికి ఒక వాక్యం ఉందని నాకు భలే ఆశ్చర్యమేసింది. అలాంటివి ఐదు రాసుకురమ్మంది.

మర్నాడు అమ్మకు తలనొప్పి. కర్రావును మేపుకురమ్మని నన్ను పంపింది. అది నల్లటి ఆవు, ఈని నాలుగు నెలలైంది. మా ఇంటికంతటికీ పాలూ మజ్జిగా దానివే. టీచరమ్మ ఆదివారం తెచ్చిచ్చిన పుస్తకం చంకలో పెట్టుకుని పోయి, చేని గట్టు మీద కూర్చుని, పగ్గం కాలికింద తొక్కిపెట్టి చదవసాగాను. కథలో ఒక పడవ సుడిగుండంలో చిక్కుకుంది.

తల ఎత్తేసరికి కాలికింద పగ్గం లేదు. ఆవు మా జొన్నచేలో ఉంది. జొన్న కోసేశాక ఒక జల్లు పడి, కొయ్యకాళ్ల మొదళ్లలో లేత పిలకలు లేచి ఎండకు వాడుతున్నాయి. ఆ పిలకలు పశువుకు విషమని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. నేను పరిగెత్తి అందుకునే లోపే దాని కాళ్లు తడబడ్డాయి. కేకలు విని నాయన వచ్చి బెల్లం నీళ్లు తాగించాడు. అది గుటక వేయలేదు.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కొట్టినా బాగుండేది. దూడ రెండు రోజులు అరుస్తూనే ఉంది.

మూడో రోజు పుస్తకం గుడ్డలో చుట్టుకుని టీచరమ్మకు ఇచ్చేశాను. ఇక చదువు వద్దన్నాను. ఆమె బతిమాలలేదు.

"మానుకో పాపా. ఆ ఐదు వాక్యాలు మాత్రం రాసిచ్చి పో."

అక్కడే కూర్చుని పలక మీద రాశాను. నేను చదవకుండా ఉండి ఉంటే ఆవు బతికి ఉండేది. ఐదుసార్లూ అదే రాశాను. ఆమె కళ్లజోడు సవరించుకుని చూసి నాలుగింటిని కొట్టేసింది.

"ఇది ఒకటే గదా! ఒకరిది ఒకటే రాయాల. మిగతావి మీ ఇంట్లోవాళ్లను అడిగి రాసుకరాపో."

ముందు మా జేజిని, అంటే నాయన తల్లిని, అడిగాను. తిరగలి ఆపి, "ఆ పొద్దు దానికి చొప్ప తక్కువేసినా మే. కడుపునిండా ఏసింటే అంత ఆత్రంగా పచ్చిది తినేది కాదు" అంది. ఎవరైనా అడుగుతారా అని కాచుకున్నట్టు చెప్పింది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. "తలనొప్పని పండుకోకుండా నేనే తోలుకపోయింటే..." అని ఆగిపోయింది. మిగతా సగం నేనే పూరించి రాశాను.

నాయన దగ్గరికి పోవడానికి భయం వేసింది. ఆయన ఆవుకు మేత వేసే ఖాళీ గాటిపాట దగ్గర కూర్చుని దూడ మెడ నిమురుతున్నాడు. నా పలక చూసి దూడను వదిలి, పక్కన చోటు చూపించాడు.

"జల్లు పడిన మర్నాడే గుంటక తోలింటే ఆ పిలకలే ఉండవు. గడివేములకు చుట్టాలింటికి పోయి రెండు దినాలు ఊరికే కూచుంటి. రాసుకో."

పలక మీద నాదొకటి, వాళ్లవి మూడు. ఐదోది దొరకలేదని టీచరమ్మతో చెప్పాను. ఆమె పలక తీసుకుని అడుగున తానే రాసింది. ఆ ఆదివారం నేను ఆ పుస్తకం తేకుండా ఉండి ఉంటే, అని. రాసి పలకను నా చేతికిస్తూ అంది, "నీది అబద్ధమని నేను కొట్టెయ్యలే, సూడు. నీదీ ఉంది. ఐదింట్లో ఒకటి."

ఆమె కళ్లలో నీళ్లు చూడటం అదే మొదటిసారి. మూడు రోజులుగా ఆమె కూడా గోడకు అవతల ఆ బరువే మోస్తోందని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం వాక్యాలన్నీ తెలుగులో నాయనకు చదివి వినిపించాను. ఆయన విని, తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"అది సరేలే గానీ, అంత మైమరిచి సదివితివే, ఏముందమ్మా ఆ బుక్కులో?"

పడవ గురించి చెప్పాను.

"సుడిలో ఇరుక్కునిందా? మరి బయటపడిరా?"

తెలియదన్నాను. నేను అక్కడిదాకే చదివాను.

"పోయి తెచ్చుకోపో. నాకూ సెప్పు."

పరిగెత్తాను. టీచరమ్మ ఆ గుడ్డ మూట ఇంకా విప్పనే లేదు.

ఆ పలక ఎప్పుడో పగిలింది. టీచరమ్మ లేదు, నాయన లేడు. నా ఇంట్లోనూ ఒక్కో చావుకు, ఒక్కో నష్టానికి ఎవరో ఒకరు ఓ మూల కూర్చుని "నేను గనక అలా చేయకపోయింటే" అని కుమిలిపోవడం చూశాను. కాదని వాళ్లను ఓదార్చను. పక్కన కూర్చుని, తక్కిన నాలుగూ ఎవరెవరివో అడుగుతాను.