బ్రేక్‌అవే ఉన్న రోజే పోయే సిగ్నల్

2006వ సంవత్సరం, ఆషాఢ మాసం. వనపర్తిలో మా కేబుల్ కంట్రోల్ రూమ్ బస్టాండు వెనక సందులో ఒక డాబా మీద ఉండేది. పైన నాలుగు డిష్‌లు, కింద ఒక గది, ఆ గదిలో మా ఓనరు, నేను, ఆగకుండా మోగే ఒక ఫోను. నా పేరు కుర్మయ్య. పెద్దమందడి నుంచి వచ్చి అప్పటికి ఆరేళ్లుగా లైన్‌మన్ పని చేస్తున్నాను. స్తంభం ఎక్కడం, తీగ లాగడం, తిట్లు తినడం, ఈ మూడూ నా డ్యూటీ. మొదటి రెండింటికే జీతం.

ఈ పని తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. కంట్రోల్ రూమ్ నుంచి బయల్దేరిన సిగ్నల్ తీగలో పోను పోను నీరసపడుతుంది. మధ్యమధ్య ఆంప్లిఫయర్ అనే పెట్టె పెట్టి దానికి మళ్లీ బలం ఇస్తాం. ఆ పెట్టెకు కరెంటు కావాలి. అందుకని వీధికొక మంచి ఇల్లు చూసుకుని, ఆ ఇంటి ప్లగ్గులో దాన్ని తగిలించేవాళ్లం. కరెంటు వాళ్లది, బదులుగా వాళ్లకు కనెక్షన్ ఉచితం. ఆ రోజుల్లో మా దిక్కు ఇదే పద్ధతి.

నేను చెప్పబోయే వీధిలో మేం పట్టుకున్న మంచి ఇల్లు జానీ చాచాది. ముప్పై ఏళ్లు సైకిల్ షాపు నడిపినవాడు. ముందటేడు గుండెపోటు వచ్చాక షాపు మూసేసి ఇంటిపట్టున ఉంటున్నాడు. పెట్టెను వాళ్ల వంటింటి గోడకు బిగించిన రోజు ఆయన భార్య ఖాసింబీ చాచీకి ఒకే ఒక్క మాట చెప్పాను. "చాచీ, ఈ ప్లగ్గు పీకకు. పీకితే మీ టీవీ రాదు." చెప్పవలసిందంతా చెప్పేశాననుకున్నాను.

ఆ నెలలో ఫ్రాన్సు దేశంలో మూడు వారాల సైకిల్ పందెం జరుగుతోంది. రోజుకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతారు. స్పోర్ట్స్ చానెల్లో సాయంత్రం నుంచి లైవ్ వచ్చేది. వనపర్తిలో దీన్ని ఎవరు చూస్తారులే అనుకునేవాణ్ని. జానీ చాచా చూసేవాడు. వీధి చివర ఉండే నాగరాజు సార్, హైస్కూల్లో ఆటల మాస్టారు, ఆయనా చూసేవాడు. తెల్లారగానే ఇద్దరూ అరుగు మీద కూర్చుని నిన్నటి పందెం మీద పంచాయితీ పెట్టేవాళ్లు. ఒకసారి నేనటు పోతుంటే పిలిచి చాచా నాకూ పాఠం చెప్పాడు.

"అందరు గుంపుల పోతుంటరు బేటా. అండ్లకెల్లి నల్గురు ముందుకు ఉరుకుతరు. దాన్ని బ్రేక్‌అవే అంటరు."

"ముందు ఉరికినోళ్లే గెలుస్తరు గద చాచా?"

"ఏడ గెలుస్తరు! ఆషాఢం గాలికి నువ్వు పెద్దమందడి దాంక సైకిల్ తొక్కినవా ఎన్నడన్న? ముందటోనికే గాలి తగుల్తది. ఎనకోడు ఆరాంగ వస్తడు. గుంపుల ఒకరెనక ఒకరు గాలి పంచుకుంటరు. ఈ నల్గురు తమ గాలి తామే మొయ్యాలె. గుంపోళ్లు పోనీలే అని ఇడిసిపెట్టి, ఊరు దగ్గరికొచ్చినంక పట్టుకుంటరు. ఎప్పుడన్న ఒక్కనాడు లెక్క తప్పుతది, వీళ్లు దొరకరు. ఆ ఒక్కనాటి కోసమే సూసుడు."

పందెం మొదలైన నాలుగో రోజు నుంచి కంప్లైంట్లు మొదలయ్యాయి. రాత్రి ఎనిమిదిన్నర దాటగానే ఆ వీధిలో నలభై ఇళ్లకు బొమ్మ పోయి చుక్కలు వస్తున్నాయి. తొమ్మిదికి దానంతటదే వస్తోంది. సైకిళ్ల సంగతి అటుంచండి, అది సీరియళ్ల వేళ. ఆడవాళ్ల తిట్లకు మా ఓనరు రిసీవరును చెవికి జానెడు దూరంలో పట్టుకునేవాడు.

"రెండు దినాలల్ల బాగు చెయ్యకుంటె వేరే కేబులోని తీగ గుంజుకుంటరంట," అన్నాడు. "ఆ వీధి పోతె నీ పని గూడ పోతది కుర్మయ్యా."

నేను చేయని వైద్యం లేదు. కనెక్టర్లు మార్చాను. మెయిన్ తీగ నుంచి ఇంటింటికీ సిగ్నల్ పంచే ట్యాప్ డబ్బాలన్నీ విప్పి చూశాను. చాచా ఇంట్లో పెట్టె కూడా పగలు చూశాను, ఎర్ర లైటు చక్కగా వెలుగుతోంది. రాత్రి కబురందుకుని నేను వీధికి చేరేసరికి బొమ్మ నిక్షేపంగా ఉండేది. తల ప్రాణం తోకకొచ్చింది.

దారి చూపించింది నాగరాజు సార్. బ్రేక్‌అవే ఏ రోజు ఎంత ముందుందో నోటుబుక్కులో రాసుకునే అలవాటు ఆయనది. ఆ పుస్తకం నా ముందు పెట్టాడు.

"ఇది సూడు కుర్మయ్యా. పందేనికి రెస్టున్న దినం సిగ్నల్ పోలే. మొన్న గుంపు తొందరగనే పట్టేసిన దినం గూడ పోలే. ముందటోళ్లు ఇంక దొరకకుంట కొట్లాడుతున్న దినాలే పోతుంది."

"తీగకు సైకిళ్ల సంగతి ఎట్ల తెలుస్తది సార్?"

"తీగకు తెల్వదు. తెలిసినోళ్లు ఎవరో చేస్తుండ్రు."

ఆ రాత్రి ఎనిమిదింటికే చాచా ఇంటికి పోయి, పెట్టె ఒకసారి చూస్తానని చెప్పి కూర్చున్నాను. ముగ్గురు ముందున్నారు. పన్నెండు కిలోమీటర్లు మిగిలింది, గుంపు నిమిషం వెనక ఉంది. చాచా మంచం అంచుకు జరిగాడు. కాసేపటికి లేచి నిలబడ్డాడు. కణతల మీద చెమట. "ఎనకకు సూడకు! తొక్కు, తొక్కు!" అని అరుస్తున్నాడు. నిజం చెప్పాలంటే నా పిడికిళ్లు కూడా బిగుసుకున్నాయి. అంతలో టీవీ నిండా చుక్కలు.

"సూసినవా నీ కేబుల్ ఇకమతు!" అని చాచా నా మీద మండిపడ్డాడు. నేను వంటింట్లోకి పరిగెత్తాను. ఖాసింబీ చాచీ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె చేతిలో ప్లగ్గు. చంకలో పిల్లవాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

"ఆయనకు చెప్పకు బేటా," అంది మెల్లగా. "డాక్టర్ ఏం చెప్పిండు? పరేషాన్ కావొద్దు, గుండె ఓర్సుకోదు అన్నడు. ఆ సైకిళ్లు ముందట పోతుంటె నిలవడి ఒర్లుతడు, చెమట్లు పోస్తయి. సూడొద్దంటె ఇంటడా? నువ్వే చెప్పినవు గద, ఇది పీకితె మా టీవీ రాదని."

"చాచీ, మీదొక్కటే కాదు. ఇది పీకితె నలభై ఇండ్లకు రాదు."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "యా అల్లా! సీరియళ్లు గూడనా?"

ఆ మాట నేను ముందే చెప్పి ఉంటే ఈ గోలే ఉండేది కాదు. సరే, ఏదో ఉపాయం చేద్దామంటూ ప్లగ్గు మళ్లీ తగిలించి ముందు గదిలోకి వచ్చాం. మంచం ఖాళీ. గుమ్మం పక్కన ఉండాల్సిన సైకిల్ లేదు. గుండెపోటు తర్వాత ఆయన సైకిల్ ముట్టుకోకూడదని డాక్టర్ గట్టిగా చెప్పి ఉన్నాడు. ఇంతలో బొమ్మ పోయిందని చెప్పడానికి నాగరాజు సార్ ఎదురొచ్చాడు.

"చాచా ఇప్పుడే బస్టాండు దిక్కు పోయిండు. నెట్ సెంటర్ల పందెం సంగతి తెలుస్తదని నిన్న నేనే చెప్పిన," అన్నాడు.

బురఖా వేసుకోవడానికి కూడా ఆగకుండా, కొంగు తల మీదికి లాక్కుని చాచీ నా బండెక్కింది. దారంతా ఎదురుగాలి. "నేనే సంపుకుంటున్ననా, నేనే సంపుకుంటున్ననా," అని నా వెనక ఒకటే మాట. దారి పక్కన ఎక్కడ జనం గుమిగూడినా బండి ఆపి తొంగిచూశాను. మనసులోనే దేవుడికి మొక్కుకున్నాను.

నెట్ సెంటర్ ముందు సైకిల్ నిలబెట్టి ఉంది. లోపల చాచా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది, చేతిలో చాయ్ గ్లాసు. మమ్మల్ని చూడగానే కంప్యూటర్ వైపు వేలు చూపించాడు.

"దొరకలే కుర్మయ్యా! గుంపు నాలుగు సెకన్ల ఎనక వడ్డది!"

పోయిన ప్రాణం లేచొచ్చింది. చాచీ నేరుగా పోయి ఆయన ఛాతీ మీద అరచెయ్యి ఆనించింది.

"ఏం గాలేదే. పల్లికాయ బస్తాల బండి మెల్లగ పోతుండె. దాని ఎనక వట్టుకొని పోయిన, గాలే తగలలే," అన్నాడు, పెద్ద ఎత్తు వేసినవాడిలా.

వదలకుండా నాలుగడుగుల దూరంలో ఉన్న వాళ్ల డాక్టర్ దగ్గరికే తీసుకుపోయాం. ఆయన బీపీ చూశాడు, ఈసీజీ తీశాడు. భయం లేదన్నాడు. సైకిలెక్కినందుకు మాత్రం చడామడా తిట్టాడు. అక్కడే చాచీ ఆపుకోలేక ప్లగ్గు సంగతంతా చెప్పేసింది. "మీరే అంటిరి గద సాబ్, పరేషాన్ కావొద్దని."

"పరేషాన్ కావొద్దన్న గనీ, ఖుషీ కావొద్దని అన్ననా అమ్మా?" అన్నాడు డాక్టర్. "కూసొని సూడనియ్యి. లేస్తె కూసోవెట్టు."

చాచా కోప్పడతాడనుకున్నాను. ఆయన మెట్లు దిగాడు. కింద నిలబడి, "బొమ్మ పోతె నా గుండె ఇంక జోరు కొట్టుకుంటుండె," అన్నాడు. "రేపటి సంది పక్కన కూసో. భయమైతె చెయ్యి వట్టుకో."

మర్నాడు రాత్రి కూడా నేను వెళ్లాను, పెట్టె మీద నెపం పెట్టి. ఇద్దరు ముందున్నారు. చాచీ ఆయన మణికట్టు పట్టుకుని కూర్చుంది. టీవీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు, ఆయన మొహమే చూస్తోంది. ఇంకో కిలోమీటరుందనగా గుంపు వచ్చి ఆ ఇద్దరినీ మింగేసింది. చాచా దిండుకు ఆనుకుని, "దొరికిండ్రు పాపం. జర చాయ్ పెట్టు," అన్నాడు. అంతే. చాచీ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయింది. వీధిలో నలభై ఇళ్లలోనూ సీరియల్ మోగుతోంది. నా పని నిలబడింది.

ఆ తర్వాత నేను ఆంప్లిఫయర్ బిగించిన ఏ ఇంట్లోనూ 'పీకొద్దు' అని చెప్పి ఊరుకోలేదు. ఇక్కణ్ణుంచి ఎన్ని ఇళ్లకు పోతుందో చెప్పి, "పీకాల్సొస్తె ఎందుకో నాకొక్క మాట చెప్పుండ్రి," అనేవాణ్ని. చెప్పారు కూడా. బిడ్డకు పరీక్షలని ఒకామె. తాగొచ్చిన మొగుడు వార్తలు చూసి కొట్లాటకు దిగుతాడని ఇంకొకామె. స్తంభం మీద ఎన్నేళ్లు నిలబడినా నాకు ఇవేవీ కనిపించేవి కావు.