మా నాయన ఇసుకలో కూర్చున్న సాయంత్రం

నా చిన్నప్పుడు మా నాయనను రెండు చోట్ల మాస్టరు అని పిలిచేవాళ్ళు. మద్రాసు జార్జి టౌన్‌లో ఒక శెట్టిగారి భోజన హోటల్లో పెద్ద వంట ఆయనది, కాబట్టి అక్కడ మాస్టరు. సాయంత్రం రైలు దిగి తిరువొత్తియూరు వచ్చాక, సముద్రం ఒడ్డున మా వీధి ఆడపిల్లలకు చెడుగుడు నేర్పించేవాడు, కాబట్టి ఇక్కడా మాస్టరే. ఆడపిల్లలకు ఈ ఆటేమిటని కొందరు గొణిగితే ఆయన నవ్వి ఊరుకునేవాడు. మరుసటి సాయంత్రం మళ్ళీ వచ్చి కాలితో ఇసుకలో గీత గీసేవాడు. ఆయన చొక్కాకు ఎప్పుడూ ఇంగువ వాసన ఉండేది.

నాకప్పుడు పదకొండేళ్ళు. అమ్మ పురిటికి పుట్టింటికి పోయింది. ఆ రోజుల్లోనే నాయనకు గట్టి జ్వరం వచ్చి తగ్గింది. మళ్ళీ పనికి పోవడం మొదలుపెట్టిన వారానికి, ఒక ఆదివారం ఇంట్లో చారు పెట్టాడు. మొదటి ముద్దే నేను మింగలేకపోయాను. ఉప్పు రెండుసార్లు పడింది. నాయన మాత్రం మామూలుగా తింటున్నాడు. నేను గటగటా నీళ్ళు తాగడం చూసి చెయ్యి ఆపాడు.

"ఉప్పెక్కువైందా పాపా?"

"నీకు తెలీలేదా నాయనా?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. జ్వరం తగ్గినప్పటినుంచీ నాలుకకు రుచి, ముక్కుకు వాసన తెలియడం లేదని మెల్లగా చెప్పాడు. హోటల్లో చేతి కొలతతో, కంటి అంచనాతో నెట్టుకొస్తున్నాడట. పోపు చిటపట వింటే ఎప్పుడు దించాలో తెలుస్తుందట. ఎన్నో ఏళ్ళ చెయ్యి కాబట్టి అక్కడ ఇంకా తప్పు పడలేదు. పడిన రోజున, రుచి తెలియని వంటవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను తలూపాను. అప్పటినుంచి పొద్దున ఆయన రైలుకు బయల్దేరుతుంటే నేను వీధి చివరిదాకా వెంట పోయేదాన్ని.

ఆ వారాంతంలో పక్కనున్న మనలి ఊరి పిల్లలతో మాకు పోటీ. మా జట్టుకు బలమంతా పక్కింటి అక్క. ఆమె కూతకు పోతే ఉత్తచేతులతో తిరిగొచ్చేది కాదు. పోటీకి రెండు రోజుల ముందు ఆమె చీలమండకు గుడ్డ కట్టుకుని కుడికాలు జాగ్రత్తగా మోపుతుండటం నాయన కంటపడింది. ఏమైందని అడిగితే ఏమీ లేదంది. కట్టు విప్పి చూపించమంటే తల అడ్డంగా ఊపింది. నాయనకు కోపం వచ్చింది.

"నొప్పి దాచిపెట్టి ఆడితే కాలు పోతాది, జట్టూ పోతాది. చెప్పుకునేదానికి సిగ్గేంది?" అన్నాడు.

అక్క లేకపోతే ఓడిపోతామని నాకు ఏడుపొస్తోంది. ఆ ఉక్రోషంలో నోరు జారింది. "మరి నువ్వు చెప్పుకున్నావా నాయనా?" అన్నాను.

పదిమంది పిల్లలూ ఆయనవైపు తిరిగారు. ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది నాకు. కొడతాడనుకున్నాను. ఆయన నా ముఖం చూశాడు, సముద్రం చూశాడు, తర్వాత గీత మీదే ఇసుకలో చతికిలపడ్డాడు. మమ్మల్నీ కూర్చోమన్నాడు. జ్వరం సంగతి, నాలుక సంగతి, దాచిన సంగతి ఒక్కటీ వదలకుండా మాకు చెప్పాడు. "భయమేసి చెప్పలా. ఈ బిడ్డ అడిగింది న్యాయమే" అన్నాడు.

కాసేపటికి పక్కింటి అక్క తనంతట తానే కట్టు విప్పి కాలు ముందుకు చాపింది. చీలమండ నీలంగా ఉబ్బి ఉంది.

మర్నాడు నాయన నన్ను వెంట తీసుకుని హోటల్‌కు పోయాడు. పొయ్యి వెలిగించకముందే శెట్టిగారి ఎదుట నిలబడి విషయం చెప్పాడు. శెట్టిగారు లెక్కల పుస్తకం మూశాడు.

"ఈ మాట మొదటి దినమే చెప్పుండొచ్చు గదా మాస్టరూ" అన్నాడు. తర్వాత లోపలికి చూసి, పిండి రుబ్బే అవ్వను పిలిచాడు. "ఈ పొద్దునుంచి గిన్నె దించేముందర నువ్వు రుచి చూసి మాస్టరుకు చెప్పు" అన్నాడు. అంతే.

ఆ అవ్వ మొహమాటం లేని మనిషి. పులుపు తక్కువైతే తక్కువే అనేది. నాయన ఆమె మాట విని సరిచేసేవాడు. ఏడాదికి ఆయనకు తీపి, కారం కొంచెం తెలియసాగాయి. పులుపు మాత్రం మళ్ళీ రానేలేదు. అయినా ఓపిక ఉన్నంతకాలం ఆ హోటల్లోనే వండాడు. మనలి పోటీలో మేము ఓడిపోయాం. అక్క గట్టు మీద కూర్చుని మా కోసం గొంతు పోయేలా అరిచింది. మూడు నెలలకు మళ్ళీ కూతకు దిగింది.

ఆ రోజు నేను అన్న మాటకు నాయన ఒక్కసారి కూడా నన్ను తప్పుపట్టలేదు. బిడ్డ నలుగురిలో నిలదీస్తే సరేనని ఒప్పుకున్న తండ్రి దొరకడం నా అదృష్టమని, నాకు పిల్లలు పుట్టాక గానీ తెలియలేదు.

ఇప్పుడు నాకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. చాలామంది నా వయసువాళ్ళు వినపడినట్టే నవ్వి సర్దుకుంటారు. నేను ఎక్కడికి పోయినా ముందే చెప్పేస్తాను, ఆ చెవి పనిచేయదు, ఈ పక్కకొచ్చి మాట్లాడండి అని. ఇంతవరకు ఒక్కరూ విసుక్కోలేదు. లేచి, కుర్చీ జరుపుకుని, ఈ పక్కకొచ్చి కూర్చుంటారు.