కొరమీనుకి పడిన టిక్కు

మండవల్లి సిల్వియాకి కోపం వస్తే గొంతు పెరగదు, "అండీ"లు పెరుగుతాయి. ఆ సంగతి తెలిసినవాళ్ళు మూడో "అండీ"కే సర్దుకుంటారు. మేనేజరు సూర్యప్రకాశరావుగారికి తెలియదు పాపం, ఆఖరిదాకా విన్నారు.

పందొమ్మిదేళ్ళుగా ఆమె పని చేపల చెరువు దగ్గరే. ఆడవాళ్ళు కూడా నీళ్ళలో దిగి వల లాగాలి, చేపలన్నీ గట్టుమీద కుప్ప పోశాక చుట్టూ కూర్చుని ఏరాలి. బొచ్చె, శీలావతి, రొయ్య, ఏదైనా సరే ట్రేలోకి, పైన ఐసు. కొరమీను ఒక్కటే నీళ్ళ డ్రమ్ములోకి. అది బతికుంటేనే బేరం. సిల్వియా చెయ్యి ఈ పని నిద్రలో కూడా చేస్తుందని, ఓ రాత్రి తన చెవి పట్టుకుని డ్రమ్ములోకి విసరబోయిందని భర్త జాషువా ఊరంతా చెబుతాడు.

నీళ్ళలో నానీ నానీ కాలివేళ్ళ సందుల్లో పుళ్ళు పడ్డాయి. ఇంక నీళ్ళలో దిగావంటే నడవలేవన్నాడు డాక్టరు. అందుకే ఓ చేపల మేత కంపెనీ నలుగురు సూపర్‌వైజర్ల కోసం ఏలూరులో పరీక్ష పెడుతోందనగానే దరఖాస్తు పడేసింది. నలభై ఏళ్ళు దాటితే తీసుకోరు. ఆమెకి ముప్పైతొమ్మిదేళ్ళ పదకొండు నెలలు. యాభైకి నలభై మార్కులు వస్తే పాసు. వచ్చినవి ముప్పైతొమ్మిది.

పది తప్పులకి ఆమెకి బాధలేదు. కంప్యూటరు సంగతి కంప్యూటరుకే తెలియాలి. పదకొండోదానికే ఒళ్ళు మండింది. "భిన్నమైనదాన్ని గుర్తించండి: బొచ్చె, శీలావతి, కొరమీను, రొయ్య." ఆమె చెయ్యి తిన్నగా వెళ్ళి కొరమీనుకి టిక్కు పెట్టేసింది. బుర్రని అడగనేలేదు.

మార్కులు తెలిసిన మర్నాడే బస్సెక్కి కంపెనీ ఆఫీసులో దిగింది. ఆ పేపరు తయారుచేసిన మహానుభావుడు సూర్యప్రకాశరావుగారే.

"రొయ్య అసలు చేపే కాదు కదమ్మా. వెన్నెముక లేదు. ఇందులో వివాదమేముంది?" అన్నారాయన.

"లేదండీ, ఒప్పుకున్నానండీ. కానీ కొరమీను గట్టుమీద కూడా గాలి పీలుస్తుందండీ. మిగతా మూడూ పీలుస్తాయాండీ? పోనీ, బొచ్చెకున్నంత తలకాయ ఇంకోదానికి ఉందాండీ? శీలావతి ఒక్కదానికే ఆడమనిషి పేరండీ. దానికీ వేద్దామాండీ టిక్కు?"

"అలా అయితే నాలుగూ కరెక్టేనమ్మా! మీకు మార్కు ఇస్తే రేపు బొచ్చె రాసినవాడూ వస్తాడు."

"రానివ్వండి. ఎందుకు రాశాడో చెబితే వాడికీ ఇవ్వండి. చెప్పలేకపోతే రొయ్య రాసినవాడిక్కూడా ఇవ్వకండి."

పాసైన కుర్రాళ్ళు ముగ్గురే. ముగ్గురూ ఉద్యోగం కాగితాల కోసం బయట బల్లమీదే ఉన్నారు. ఈవిడ నోరు మూయిద్దామని ఆయన వాళ్ళని లోపలికి పిలిచారు. "రొయ్యే ఎందుకో ఈవిడకి చెప్పండయ్యా."

"తేలకపోతే ఆఖరిది పెట్టమని కోచింగులో చెప్పారండీ," అన్నాడు తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన రాజేష్.

"నాకు రొయ్యలంటే ఇష్టమండీ," అన్నాడు రెండోవాడు.

మూడోవాడు రాజేష్ వంక చూశాడు. పరీక్షలోనూ అదే చేశాడట.

సూర్యప్రకాశరావుగారి మొహం కందగడ్డ అయింది. కాసేపు పేపరు అటూ ఇటూ తిప్పి, "కొరమీను గాలి పీలుస్తుందని నాకు తెలీదమ్మా. నేను చేపలు తినను," అన్నారు మెల్లగా. ముప్పైతొమ్మిది కొట్టేసి, పక్కన నలభై వేసి, సంతకం పెట్టారు.

అప్పటిదాకా బిగబట్టుకున్న సిల్వియా ఆ కుర్చీలోనే భోరున ఏడ్చేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంక నేను నీళ్ళలో దిగక్కర్లేదు కదండీ?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా. చేపలంటే ఏమిటో తెలియాలంటే దిగాల్సింది ఈ ముగ్గురూనూ."

"పంపండి," అంది సిల్వియా. "నేను గట్టుమీద కూర్చుని నేర్పుతాను."