సమాన మోతాదు

మొన్న టీకా వేయించుకోవడానికి జగిత్యాల వెళ్లాను. సూదికి ముందు నర్సు స్పిరిటు దూదితో చెయ్యి రుద్దగానే చర్మం చల్లబడింది. ఆ వాసనకు కోరుట్లలోని నసీం ఆపా దవాఖాన కళ్లముందు నిలిచింది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. అప్పుడు పోయినవాటిని నాలో నేనే కూడుకునేవాణ్ని: బస్సులు పోయాయి, బడిలో పాఠాలు పోయాయి, కరెంటు లేక సిరిసిల్ల మరమగ్గాల మీద గుడ్డ పోయింది. అక్కడ మగ్గాలు నడిపే మా కోరుట్ల రాజేశం ఇంట్లోనైతే కొడుకు దుబాయి ప్రయాణం కూడా పోయింది.

ఆపా డాక్టరు. నేను ఆమె దగ్గర చీటీలు రాస్తూ, రక్తపరీక్షల లెక్క చూసేవాణ్ని. పదో తరగతి దాటలేదు. శాతాలు, సగటులు సొంతంగా నేర్చుకున్నవే. అందుకే వాటి మీద నాకు గర్వం ఎక్కువ.

గల్ఫ్ మెడికల్‌లో రాజేశం కొడుకు శ్రీనుకు హెపటైటిస్-బి ఉందని తేలి 'అన్‌ఫిట్' అన్నారు. ఇంట్లో అంటకుండా ఆపా తల్లిదండ్రులిద్దరికీ మూడు సూదుల టీకా వేశారు. ప్రతిసారీ తల్లి లచ్చవ్వకు చెయ్యి వాచి ఒళ్లు కాగేది. రాజేశానికి ఏమీ అయ్యేది కాదు.

“నీది కాగితం పెయ్యి. నాది చూడు, ఇనుము!” అని తన ఒళ్లు చూపించి నవ్వేవాడు.

“ఇనుముకు తుప్పు వడ్తది తియ్యి,” అనేది లచ్చవ్వ.

మూడో సూది పడ్డాక రాజేశం ధైర్యంగా కొడుకు రేజరుతోనే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. టీకా పట్టిందో లేదో ఇద్దరికీ చూడాలన్నారు ఆపా.

“ఒకటే మందు, ఒకటే మోతాదు. ఒక్కలకు చూస్తే సాలదా ఆపా?” అన్నాను.

“మందు సమానమే సత్తయ్యా. మనుషులు సమానమా?”

బస్సులు లేవు కనుక రక్తం సీసాలను ఐసు డబ్బాలో పెట్టుకొని నా బండి మీద జగిత్యాల బయలుదేరాను. మేడిపల్లి దగ్గర ఉద్యమకారులు బంద్‌లో భాగంగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. ఒకతను ఆపి డబ్బాలో ఏముందని అడిగాడు. రక్తమని చెప్పాను.

“మా రక్తం ఈడ మసులుతాంటే నువ్వు సల్లగ వెట్టుకొని పోతున్నవా? పో పో. అచ్చేటప్పుడు బువ్వ తిని పో!”

టీకా పట్టిందనడానికి రక్తంలో ఆ అంకె కనీసం పది ఉండాలి. లచ్చవ్వకు వందల్లో వచ్చింది. రాజేశానికి నాలుగు. ల్యాబు వాళ్లు తప్పు చేశారనుకున్నాను. ఆపా మాత్రం ఆశ్చర్యపోలేదు. రాజేశాన్ని కూర్చోబెట్టి చెప్పారు.

“జ్వరం రాలేదని మురిసినవు గదా భాయ్. వచ్చుడు రాకపోవుడు కొలత కాదు, ఈ అంకె కొలత. ఆడోళ్ల ఒంట్ల ఈస్ట్రోజెన్ అని ఒకటుంటది. టీకా పడంగనే అది రక్షణ కణాలను లేపుతది. మగోళ్ల టెస్టోస్టిరాన్ జర అణుస్తది. పైంగ నీకు యాభై దాటినయ్. వయసు మీద పడితే ఒళ్లు కొత్త పాఠం నిదానంగ నేరుస్తది. ముట్లు ఆగినంక ఆడోళ్లకు గూడ ఈ బలం తగ్గుతది. అందరికి గిట్లనే కాదు, శానమందికి గిట్ల.”

“అంటే మగోనిగ పుట్టుడే తప్పా?”

“తప్పెవలిది గాదు. ఇంకో మూడు సూదులు ఏస్తా. అందాక రేజరు వేరే పెట్టుకో.”

రాజేశం నవ్వలేదు. “ఆపా, వాడు అన్‌ఫిట్ అయినకాన్నుంచి పళ్లెం గూడ వేరే పెట్టుకున్నడు. నేను వాని రేజరు ముట్టినంకనే నా పక్కన కూసొని తింటున్నడు. ఇప్పుడు నేను గూడ వాణ్ని ఎలేసిన అనుకుంటడు.”

ఆపా శ్రీనును పిలిపించారు. కలిసి తింటే ఈ జబ్బు అంటుకోదని, రక్తంతోనే జాగ్రత్త అని ముందు చెప్పారు. తర్వాత, “మీ నాయిన పెయ్యి ఇంక నేర్వలేదు. నేర్చేదాంక ఆయనను కాపాడేటోనివి నువ్వే,” అన్నారు.

శ్రీను బజారుకు వెళ్లి, కొత్త రేజరు తెచ్చి తండ్రి జేబులో పెట్టాడు.

“ఇగ నాదాన్ని ముట్టినవో, చూడు మల్ల!”

రాజేశం తువ్వాలతో ముఖమంతా తుడుచుకున్నాడు.

నేను సగటుల గురించి గొప్పలు పోయినప్పుడల్లా ఆపా, “సగటు రోగి నా దవాఖానకు ఎన్నడు రాలే,” అనేవారు. ఇప్పటికీ ఎవరి లెక్క చూసినా ముందు వయసు అడుగుతాను, ఆడో మగో అడుగుతాను, ఆ తర్వాతే అంకె జోలికి పోతాను.

రాజేశం రెండో విడత మూడు సూదులూ వేయించుకున్నాడు. పరీక్ష చేసే సమయానికి ఆపా మంచం పట్టారు, మళ్లీ లేవలేదు. రాజేశం కుటుంబం మగ్గాల పని కోసం భీవండి వెళ్లిపోయింది. రెండో విడతకు చాలామంది ఒళ్లు పలుకుతుంది కనుక అతనికీ పది దాటే ఉంటుందని ఊహించవచ్చు. నేను ఊహించను. ఆపా ఊహించనిచ్చేవారు కాదు. రాజేశం అంకె ఇంకా రావలసే ఉంది.